దస్తూరీ

గుణుపురం సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు ఎదర
టార్పాలిన్ కింద నా బల్ల.
నలభై ఒక్క ఏళ్లుగా
పోబోయేవాళ్ల మాటలు ఉండబోయేవాళ్ల కోసం రాస్తున్నాను.
ముద్ర ఒడియాలో, తగువు తెలుగులో,
తేదీ ఇంగ్లీషులో.

వానలు. వంశధార ఎర్రగా
పైనున్న కొండల్ని కొంచెం కొంచెంగా మోసుకుపోతోంది.
హికాకా సుకాంతి గొడుగు మడిచి బల్లకి ఆనించింది.
"తాతా, ఈ వీలునామా సరిగ్గా ఉందా, చూడు."

ఎవరిదమ్మా?

"ఒక దొరది. పోయి నూరేళ్లు దాటింది.
అతని డబ్బుతోనే ఆ సీమ చదువు.
వ్యాసం రాసి పంపాలి. ఎల్లుండి గడువు."

కళ్లజోడు తుడుచుకున్నాను.
నూరేళ్లయితేనేం, వీలునామా వీలునామాయే.

స్వార్జితమా, పిత్రార్జితమా? అడిగాను.
చెప్పింది:
ఆఫ్రికా నేల కింద వజ్రాలట.
తవ్వేవాళ్లని కంచె లోపలే ఉంచేవారట.
ఇంటికి వదిలేముందు నోరూ కడుపూ వెతికేవారట,
రాయి మింగేశాడేమోనని.

అయితే స్వార్జితమే, అన్నాను,
ఎవరి స్వార్జితమో రాయడం మర్చిపోయారు.

చతుస్సరిహద్దులూ లేవు.
ఇక్కడ పది సెంట్ల దిబ్బకైనా
తూర్పున ఫలానావాడి గట్టు, పడమర ఫలానావాడి చింత
అని రాస్తేగాని లోపల గుమస్తా ముట్టుకోడు.
ఈ పెద్దమనిషి ఏకంగా ఒక దేశానికి తన పేరు పెట్టించుకున్నాడు.
తన జెండా భూమంతా పరుచుకోవాలని ముచ్చట,
దాన్ని మొయ్యడానికి భుజాలున్న కుర్రాళ్లని ఏరమన్నాడు.
ఉత్త పుస్తకాల పురుగులు వద్దట.
ఆటలాడాలట. నాయకత్వం చెయ్యాలట.

ఇందులో ఆడపిల్ల ఊసు లేదేమే?
మన దేశం పేరు లేదేమే?

"అవి తర్వాత కలిపారు తాతా."

చచ్చినవాడి రాత ఎలా మారుస్తారు!

"చట్టం పట్టుకుని మార్చారు.
నాలాంటిదాన్ని అతను కలలో కూడా అనుకోలేదు.
అందుకే వెళ్లాలని ఉంది.
అందుకే వద్దనీ ఉంది."

చివరి పేజీ తిప్పాను.
తవ్వినవాడి వేలిముద్ర ఒక్కటీ లేదు.
నా బల్ల దగ్గరకొస్తే తిప్పి పంపేవాణ్ని, అన్నాను,
కాస్త గర్వంగానే.

సుకాంతి అప్పుడు
పాలిథిన్ కవరులోంచి రెండో కాగితం తీసింది.
జార్జి రాజు బొమ్మ స్టాంపు.
మడతల దగ్గర కాగితం బట్టలా మెత్తబడిపోయింది.

కొండవార రెండు మడిచెక్కలు,
ఆరు జీలుగు చెట్లు, ఒక చింత.
పదకొండు రూపాయల బాకీ, బస్తాడు ఉప్పు.
చతుస్సరిహద్దులు ముత్యాల్లా ఉన్నాయి.
ఎక్కడా కొట్టివేత లేదు.
"స్వేచ్ఛగా, ఎవరి ప్రోద్బలమూ లేక,
చదివి వినిపించగా విని, సరి అని వేసిన నిశానీ."
దాని పక్కన బొటనవేలు,
గీతలు అరిగిపోయిన వేలు, సగమే పడింది.

"మా ముత్తాతకి తెలుగు రాదు తాతా."

అడుగున
దస్తూరీ: బొంతలకోటి సోమనాథం.
'శ' తోకని అలా వెనక్కి తిప్పేది
ఈ తాలూకాలో ఒక్క చెయ్యే.
పలక మీద నా వేళ్లు పట్టుకుని దిద్దించిన చెయ్యి.

టార్పాలిన్ మీద నీళ్లు పొట్టలా దిగాయి.
కర్రతో పొడిచి వంపేశాను,
ఏదో ఒకటి చెయ్యాలి గదా.

"రెంటికీ నకళ్లు కావాలి," అంది.
"వ్యాసానికి జతచేస్తాను.
వాళ్లకి ఇష్టమైతే పిలుస్తారు."

రాశాను.
దొర మాటలు గబగబా సాగాయి.
నాన్న మాటల దగ్గర రెండుసార్లు సిరా కారింది.
అసలుకు సరియైన నకలు, అని ముద్ర వేసి
కింద నా పేరు పెట్టాను, ఇంటిపేరుతో సహా.

"ఎంత తాతా?"

నకలుకి పది. ఇరవై.

తీసుకున్నాను.
వద్దంటే
అదీ ఒక దానమైపోతుంది.